పక్క సీట్లోంచి చూసిన మొగదిషు

ఇరవై రెండేళ్లు నా ఉద్యోగమంతా పక్క సీట్లో కూర్చోవడమే. స్టీరింగు ఎదుటివాళ్ల చేతిలో, నా ప్రాణం నా అరచేతిలో. క్రైస్ట్‌చర్చ్‌లో డ్రైవింగ్ నేర్పించాను. ఈ మధ్య మోకాలు ఇక చాలమ్మా అనేసరికి మానేశాను. కారు మీది బోర్డు ఊడదీసి గరాజులో పెట్టాను. పసుపుపచ్చ ఎల్ ప్లేట్లు రెండూ మాత్రం వంటింట్లో ఫ్రిజ్‌కి అంటించాను. మా ఆయన వంట నేర్చుకోవడం మొదలుపెట్టాడు, ఇంటికి వచ్చినవాళ్లు జాగ్రత్తపడాలి కదా.

మన తెలుగు అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు ఇన్‌స్ట్రక్టర్ కోర్సులో చేరారు. "ఆంటీ, టిప్స్ చెప్పండి" అని ఫోన్లు చేస్తున్నారు. టిప్స్ కోర్సులోనే చెబుతారు. వాళ్లు చెప్పనివి కొన్ని ఉన్నాయి, అవి రాస్తున్నాను. ఏ ఫారం ఎక్కడ దొరుకుతుంది, ఏది ఎప్పుడు నింపాలి అని మాత్రం నన్ను అడగొద్దు. ఉద్యోగంలో ఉన్నప్పుడే అవి నాకు గుర్తుండేవి కావు.

ముందు నా సంగతి. ఒంగోల్లో బ్యాంకు గుమాస్తాని. స్కూటరు వెనక సీటు తప్ప ముందు సీటు ఎరగను. మా ఆయన వెంట ఈ దేశం వచ్చి, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి స్టీరింగు పట్టుకున్నాను. ప్రాక్టికల్ టెస్టు మూడుసార్లు తప్పాను. నాలుగోసారి పాసయ్యాక, తప్పడం గురించి నాకు తెలిసినంత ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలియదనిపించింది. ఈ ఉద్యోగానికి నాకున్న అసలైన అర్హత అదే.

రెండో బ్రేకు

నాకు పని నేర్పినవాడు గ్రాహమ్ అనే ముసలాయన. డ్రైవింగ్ స్కూలు ఆయనదే. అంతకుముందు పాల లారీ నడిపేవాడట. మధ్యాహ్నం కార్లోనే మీట్ పై అనే మాంసం కజ్జికాయ తిని, చేతులు నా సీటుకి తుడిచేవాడు. ఒక్కసారి కూడా బాగా చేశావని అనలేదు. ఆయన అంటే నాకు ఒళ్లు మండేది. ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇవాళ్టికీ నిలిచింది.

మా కార్లలో ఇన్‌స్ట్రక్టర్ కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. చేరిన మొదటి వారం నేను దాన్ని కుట్టు మిషన్ పెడల్లా తొక్కాను. పిల్లి కనబడితే తొక్కాను, ఆకు ఎగిరితే తొక్కాను. నా దగ్గర నేర్చుకుంటున్న నర్సమ్మ మూడు క్లాసులు అయ్యేసరికి బ్రేకు వేయడమే మానేసింది. ఎలాగూ ఈవిడే తొక్కుతుంది కదా అని నిశ్చింతగా కూర్చుంది.

గ్రాహమ్ వెనక సీట్లో కూర్చుని చూశాడు. కారు దిగాక అన్నాడు: "నీ కాలు నీ దగ్గరే పెట్టుకో. తొక్కాలనిపించిన క్షణంలో లోపల ఒకటి అని లెక్కపెట్టు. వాళ్లు నేర్చుకునేది ఆ ఒకట్లోనే."

ఆ ఒకటి లెక్కపెట్టడం రావడానికి నాకు రెండేళ్లు పట్టింది. మధ్యలో ముచ్చెమటలు ఎన్నిసార్లు పట్టాయో చెప్పలేను. కానీ నా పెద్ద తప్పు బ్రేకుతో జరగలేదు. నోటితో జరిగింది. దానికి వస్తాను.

లైటు కొట్టిన పెద్దావిడ

మనవాళ్లకు నేర్పించడం తల ప్రాణం తోకకొచ్చే పని. ఎందుకంటే వాళ్లకు ముందే వచ్చు. రిక్కార్టన్‌లో ఫ్లాట్‌లో ఉండే శ్రీకాంత్ అని వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు, మొదటి రోజే నన్ను ఊరడించాడు. "మీరేం ఫికర్ చేయకుండ్రి ఆంటీ, నేను హైదరాబాద్‌ల ఆరేండ్లు నడిపిన" అన్నాడు. నిజమే, నడిపాడు. అదే చిక్కు.

రిక్కార్టన్ రోడ్డులో కుడివైపు తిరగాలి. ఎదురుగా వస్తున్న కారు ఆగింది. అందులో ఒక కివీ, అంటే ఈ దేశపు పెద్దావిడ. పోనీలే నేర్చుకునేవాడు అని జాలిపడి, నువ్వు ముందు వెళ్లు నాయనా అన్నట్టు హెడ్‌లైట్లు ఒకసారి కొట్టింది. మనవాడు ఉన్నచోటే బిగుసుకుపోయాడు. మన రోడ్ల మీద లైటు కొడితే నేనొస్తున్నా, తప్పుకో అని కదా అర్థం. ఆవిడ మళ్లీ కొట్టింది. వీడు ఇంకా వెనక్కి జరిగి కూర్చున్నాడు. మూడోసారి కొట్టేసరికి స్టీరింగు వదిలేసి ఆవిడకి దణ్ణం పెట్టాడు. ఆవిడ కూడా పెట్టింది. వెనకాల బస్సు డ్రైవరు ఇద్దర్నీ తిట్టుకున్నాడు.

ఇందులోంచి నేను ఒక సూత్రం తయారుచేసుకున్నాను. లెర్నర్ వింతగా ఏదైనా చేస్తే ముందు కోప్పడకూడదు. అది ఏ ఊరి రోడ్డు అలవాటో కనుక్కోవాలి. ఈ సూత్రం కొత్త ఇన్‌స్ట్రక్టర్లందరికీ చెప్పేదాన్ని, చాలా గొప్పగా. అవసరమైన రోజున నేనే మరిచిపోయాను.

నా మొదటి ప్రశ్న

కొత్తగా వచ్చినవాళ్లకు చేతులు వణుకుతుంటాయి. వాళ్లను మాటల్లో పెట్టాలి. అందుకు నాకొక పద్ధతి ఉండేది. సీటు బెల్టు పెట్టుకోగానే అడిగేదాన్ని: "ఎవరమ్మాయివి నువ్వు? ఏ ఊరు, ఏ పేట? మీ నాన్నగారేం చేస్తారు?"

మనవాళ్లయితే ఈ మూడు ప్రశ్నలకీ వెన్నలా కరిగిపోతారు. మాది పిడుగురాళ్ల ఆంటీ, నాన్నకి సిమెంటు కొట్టుంది ఆంటీ, అని మొదలుపెడితే మూడు రౌండబౌట్లు ఎప్పుడు దాటాయో వాళ్లకే తెలియదు. ఇంటిపేరు చెబితే మా చిన్నమ్మ ఆడపడుచు వైపు ఎక్కడో ఒక చుట్టరికం దొరికేది.

నిజం చెప్పాలంటే అది మరీ అంత అమాయకమైన ప్రశ్న కూడా కాదు. మనం ఊరు అడుగుతాం, ఇంటిపేరు అడుగుతాం, అప్పటికీ తేలకపోతే మేనమామలది ఏ ఊరని అడుగుతాం. వెతుకుతున్నదేమిటో అడిగేవాళ్లకీ తెలుసు, చెప్పేవాళ్లకీ తెలుసు. నేను సముద్రాలు దాటి వచ్చాను గానీ ఆ అలవాటు నాతోపాటే విమానం ఎక్కి వచ్చింది. కొందరు పిల్లలు ఆ ప్రశ్నకి మాట మార్చేవాళ్లు. సిగ్గు కాబోలు అనుకునేదాన్ని. అనుకోవడం సుఖం కదా.

ఫాదుమో

ఈ ఊళ్లో పెద్ద భూకంపాలొచ్చి నాలుగైదేళ్లయ్యాక ఫాదుమో నా దగ్గరికి వచ్చింది. ఆడ ఇన్‌స్ట్రక్టరే కావాలని వెతుక్కుంటూ వచ్చింది. ముప్పై ఏడో ఎనిమిదో ఉంటాయి. మోకాళ్లదాకా ముసుగు, మనిషి కంటే ముందొచ్చే నవ్వు. సోమాలియా రాజధాని మొగదిషులో పుట్టింది. పన్నెండేళ్లప్పుడు అక్కడ యుద్ధం మొదలైతే తల్లితో నైరోబీ పారిపోయి, అక్కడ పెరిగి, పెళ్లయ్యాక శరణార్థిగా ఈ దేశం వచ్చింది.

ఒక వృద్ధాశ్రమం వంటింట్లో గిన్నెలు కడిగేది. అక్కడి మేనేజరమ్మకి ఈమె పనితనం నచ్చింది. ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లకు స్నానాలు చేయించి, మందులు వేసి, అన్నం పెట్టే పనిలో చేర్చుకుంటానంది. రోజుకి ఎనిమిది ఇళ్లు, ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి. లైసెన్సు లేనిదే కుదరదు. ఆగస్టు ఆఖరు దాకా ఆగుతాను, ఆ తర్వాత ఇంకొకరిని తీసుకుంటానని చెప్పింది.

"నాకు ఆ పని కావాలి టీచర్" అంది ఫాదుమో. "గిన్నెలు మాట్లాడవు. ముసలివాళ్లు మాట్లాడతారు."

అప్పటికే నాకు నచ్చేసింది. సీటు బెల్టు పెట్టుకుంది. నేను అలవాటుగా అడిగాను: "ఎవరమ్మాయివి? ఆ ఊళ్లో ఏ పేట? మీ నాన్నగారేం చేసేవారు?"

నవ్వు పోయింది. స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, రోడ్డువైపు చూస్తూ చెప్పింది: "నాన్న బడిలో టీచరు. హొదన్ అనే కొత్త పేటలో ఉండేవాళ్లం." పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. నేనేమీ పట్టించుకోలేదు. కారు స్టార్ట్ చేయమన్నాను.

దేరె టాక్సీ

కార్లను ఈమె కొత్తగా చూస్తున్నట్టు అనిపించలేదు. గేరు మార్చే ముందే చెవి ఇంజను మీద పెట్టేది. అడిగితే, తమ పక్కింటాయనకు టాక్సీ ఉండేదని చెప్పింది. సగం ఎరుపు, సగం పసుపు, ఇటలీ నుంచి వచ్చిన చిన్న కారు. ఆయన్ని అందరూ దేరె అనేవారట. దేరె అంటే పొడుగాయన అని అర్థం. ఆయన నిజానికి పొట్టివాడు.

"మా ఊళ్లో అసలు పేరుతో ఎవరినీ పిలవరు టీచర్. కుంటివాణ్ని కుంటాయన అంటారు, బట్టతల ఉంటే బట్టతలాయన అంటారు. ఎవరూ ఏమీ అనుకోరు."

"మా ఊళ్లోనూ అంతే. అనుకుంటారు, అంతే తేడా" అన్నాను.

సెలవుల్లో దేరె ఈమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పేవాడట. ఎంత మంచి పక్కింటాయన అనుకున్నాను. మా క్లాసులు అలా రెండు ఊళ్లలో జరిగేవి. కారు క్రైస్ట్‌చర్చ్‌లో వెళుతుండేది, కబుర్లు మొగదిషులో.

న్యూ బ్రైటన్ బీచి పక్కన పార్కింగ్ నేర్పిస్తుంటే తమ ఊరి లీడో బీచి గురించి చెప్పింది. శుక్రవారం సాయంత్రం ఊరు ఊరంతా అక్కడే. ఒకప్పుడు తమను ఏలిన ఇటలీవాళ్లు పోయినా వాళ్ల పాస్తా పోలేదట. ఇంట్లో మాంసం కూరతో పాస్తా, పక్కన ఒక అరటిపండు. "పాస్తాలో అరటిపండా?" అని నేను మూతి తిప్పితే, "మీరు పెరుగన్నంలో మామిడిపండు తినరా?" అని అడిగింది. వాళ్లు పొద్దున తినే అంజేరో నాకొకసారి చేసి పెట్టింది. మన అట్టుకి సొంత చెల్లెలు. సినిమా హాళ్లలో హిందీ సినిమాలే ఆడేవట. నాకు రాని హిందీ పాటలు ఈమెకి వచ్చు, ఒక్క ముక్కకీ అర్థం తెలియకుండా.

లిటెల్‌టన్ టన్నెల్ దాటి ఓడరేవు వైపు దిగేటప్పుడు దేరె చెప్పిన చరిత్రంతా బయటికి వచ్చేది. ఆయన టాక్సీ ఎక్కినవాళ్లకు ఊరి చరిత్ర చెప్పకుండా దింపేవాడు కాదట. వందల ఏళ్లు అరేబియా నుంచీ పర్షియా నుంచీ గుజరాత్ నుంచీ తెరచాప ఓడలు ఒక గాలికి వచ్చి, ఇంకో గాలికి తిరిగి వెళ్లేవి. గాలి మళ్లే దాకా ఆ వర్తకులు పాతబస్తీలో ఉండిపోయేవారు. కొందరికి గాలి మళ్లినా వెళ్లబుద్ధి కాలేదు, పెళ్లిళ్లు చేసుకున్నారు. ఆ పాతబస్తీ పేరు హమర్‌వేన్. పగడపు రాయితో కట్టిన తెల్లటి ఇళ్లు, కంసాలి వీధి, గుంట మగ్గాల మీద నేత. వానగాలి నెలల్లో సముద్రానికి తలుపులేసేవారట, ఒక్క పడవా కదిలేది కాదు. రేవులో ఒంటెల్ని క్రేనుతో పైకెత్తి ఓడలోకి దించుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టేవారట.

"గుంట మగ్గాలా? మా చీరాలలోనూ అవే" అన్నాను.

"అయితే మీవాళ్లు ఎవరో గాలి మళ్లినా వెళ్లలేదు టీచర్" అంది.

ఒకరోజు సిటీ మధ్యలో భూకంపానికి సగం కూలిన పెద్ద చర్చి ముందు సిగ్నల్ దగ్గర ఆగాం. ఫాదుమో తలవంచి అద్దంలోంచి పైకి చూసింది. "మా ఊళ్లోనూ ఒక పెద్ద చర్చి ఇలాగే సగం నిలబడి ఉంది. మీది భూమి పగలగొట్టింది. మాది మేమే పగలగొట్టుకున్నాం." సిగ్నల్ పచ్చగా మారింది. చక్కగా బయల్దేరింది.

కోన్స్

ఇంత బాగా నడిపే మనిషి టెస్టు తప్పింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఆ రోజుల్లో క్రైస్ట్‌చర్చ్‌లో మనుషుల కంటే నారింజరంగు రోడ్డు కోన్స్ ఎక్కువ. భూకంపాలకి పగిలిన రోడ్లు బాగుచేయడానికి ఊరంతా తవ్వుతున్నారు. వీధి చివర మెరిసే జాకెట్టు వేసుకున్న మనిషి, చేతిలో ఒకవైపు ఆగు, ఒకవైపు వెళ్లు అని రాసిన గుండ్రటి పలక. ఫాదుమో అది దూరాన కనబడగానే వేగం తగ్గించేసేది. లైట్లు వేసి ఉంటే ఆర్పేసేది. కిటికీ అద్దం దించేది. రెండు చేతులూ స్టీరింగు పైన కనబడేలా పెట్టి, పచ్చ పలక చూపిస్తున్నా సరే కారు పూర్తిగా ఆపేసేది. ఆపి, తల తిప్పి నావైపు చూసేది.

వెనక హారన్లు. నాకు చిరాకు. "నన్నెందుకు చూస్తావ్? నా మొహంలో రోడ్డుందా? రోడ్డు చూడు!" ఎన్నిసార్లు అరిచానో. లెర్నర్లు ఇన్‌స్ట్రక్టర్ మొహం చూడటం మామూలే. ధైర్యం చాలక చూస్తారు. దానికి మందు అరవడమేనని నా గట్టి నమ్మకం.

రెండుసార్లూ టెస్టులో అదే తప్పు. రెండోసారి టెస్టు తీసుకున్నాయన కాగితం చేతికిచ్చి, "ఈమె బాగా నడుపుతుంది, కానీ రోడ్డు మధ్యలో కారాపి నావైపు చూస్తుంటే నేనేం చెయ్యను?" అన్నాడు. ఫాదుమో ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది. ఆగస్టు ఆఖరుకి మూడు వారాలుంది. మేనేజరమ్మ ఇంకొకామెను చూసి పెట్టుకున్నట్టు వంటింట్లో అప్పుడే చెప్పుకుంటున్నారు.

"నాకు రాదేమో టీచర్" అంది. ఆ మాట ఆమె నోట అదే మొదటిసారి. నాకు నా మీదే కోపం వచ్చింది. అది కూడా ఆమె మీదే చూపించాను, ముభావంగా ఇంటి దగ్గర దింపేసి.

చీపురుకర్ర

ఆ ఆదివారం పొద్దున, జనం లేని ఒక కమ్యూనిటీ హాలు కార్ పార్కులో నేనే ఒక రోడ్డుపని కట్టాను. పిల్లల ఆటల కోన్స్ ఆరు తెచ్చాను. అట్టముక్క ఒకటి చీపురుకర్రకి కట్టి, ఒకవైపు ఆగు, ఇంకోవైపు వెళ్లు అని రాశాను. మా ఆయన పాత మెరుపు జాకెట్టు ఫాదుమోకి తొడిగాను. కర్ర పట్టుకున్న మనిషి ఎంత మామూలు మనిషో ఆ చోట నిలబడితే తెలుస్తుందని నా ఆలోచన. తను ఆపుతుంది, నేను కారు నడుపుతాను.

నేను కాస్త వెక్కిరింపుగా, అచ్చం ఆమెలాగే వచ్చాను. నత్తలా వచ్చి ఆగాను. ఫాదుమో పకపకా నవ్వి, జాకెట్టు సర్దుకుని, కర్ర నేలకేసి కొట్టింది.

"లైట్లు ఆర్పు!"

ఆర్పాను.

"అద్దం దించు! చేతులు పైన!"

దించాను, పెట్టాను. ఇద్దరికీ నవ్వు ఆగడం లేదు. ఆమె కిటికీ దగ్గరికి వంగి, మగగొంతు పెట్టి అడిగింది: "ఎవరి కూతురివి నువ్వు? ఏ పేట? మీ నాన్న ఏం చేస్తాడు?"

నా ప్రశ్న. నేను మొదటిరోజు అడిగిన ప్రశ్న, ఇంచుమించు అవే మాటల్లో. ఆమె నవ్వు కూడా ఆగిపోయింది. కర్ర కారుకి ఆనించి, పక్కనున్న గట్టు మీద కూర్చుంది. నేనూ దిగి పక్కన కూర్చున్నాను.

"యుద్ధం వచ్చాక వీధి వీధికీ అడ్డంకులు పెట్టారు టీచర్. డ్రమ్ములు, రాళ్లు, కాలిన టైర్లు. పక్కన తుపాకులతో మనుషులు. లైటు కళ్లలో పడితే కాలుస్తారు. చెయ్యి కనబడకపోతే కాలుస్తారు. ఆగాక మొట్టమొదట అడిగేది ఇదే, నువ్వెవరి మనిషివి, ఏ తెగవని. సరైన జవాబు ఒక్కో వీధిలో ఒక్కోటి."

"దేరె ఏం చెప్పేవాడు?"

"ఆయనకి అబద్ధం చెప్పడం రాదు. హమర్‌వేన్ మనిషి. ఆ పాతబస్తీ వాళ్లకి తుపాకుల్లేవు, వెనక రావడానికి బలగం లేదు. వాళ్లని ఎవరేం చేసినా అడిగేవాళ్లు లేరు. ఒకరోజు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. కార్లోంచి దింపేశారు."

"తర్వాత?"

"తర్వాతేముంది టీచర్. ఆ తర్వాత మేమంతా అబద్ధం చెప్పడం నేర్చుకున్నాం."

నేను సారీ చెప్పాను. మొదటిరోజు అడిగినందుకు చెప్పాను, అరిచినందుకు చెప్పాను. నాకంత తేలిగ్గా నోట రాని మాట అది, కావాలంటే మా ఆయన్ని అడగండి. ఫాదుమో నా మోకాలు తట్టి, "మీ చేతిలో తుపాకీ లేదుగా" అంది.

"మరి నావైపు ఎందుకు చూస్తావు?"

ఆమె మెరుపు జాకెట్టు విప్పి మడతపెట్టింది. "అలవాటు" అంది.

ఒక వేలు

అలవాటు తీసేయడం కుదరదు, దాని చోట ఇంకొకటి పెట్టాలి. ఇది గ్రాహమ్ కూడా చెప్పలేదు, నేనే కనిపెట్టాను, కనుక ఉచితంగా వాడుకోండి.

ఈ దేశంలో రోడ్డుపని వాళ్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు చాలామంది స్టీరింగు మీంచి ఒక వేలు పైకెత్తుతారు. థాంక్స్ అని. వాళ్లు కూడా గడ్డం ఎగరేస్తారు. అంతే, పెద్ద సంగతేం కాదు. ఫాదుమోకి అదే అప్పజెప్పాను. కోన్స్ కనబడితే నా మొహం చూడొద్దు, పలక పట్టుకున్న మనిషి మొహం చూడు. వేలెత్తు. ఆ మనిషి గడ్డం ఎగరేస్తే నీకు దారుంది.

రెండు వారాలు రోడ్డుపనులు వెతుక్కుంటూ తిరిగాం. ఊరంతా వాటిని తప్పించుకు తిరుగుతుంటే మేం మాత్రం ఎక్కడ తవ్వుతున్నారా అని ఆరా తీశాం. మొదటిరోజు వేలు లేవలేదు. రెండోరోజు చెయ్యి మొత్తం లేచింది, సల్యూట్‌లాగా. రిక్కార్టన్ దగ్గర నల్లకళ్లద్దాల మావోరీ ఆంటీ ఒకామె పలక పట్టుకునేది. ఒకేరోజు ఏడుసార్లు ఆమె ముందునుంచి వెళ్లాం. ఏడోసారి ఆమె పలక చంకలో పెట్టుకుని రెండు చేతులూ ఊపి, "మళ్లీ వచ్చావా బంగారం!" అని అరిచింది. ఫాదుమో వేలెత్తి, ఆపకుండా, నన్ను చూడకుండా, చక్కగా వెళ్లిపోయింది. ఆమె నవ్విన నవ్వుకి కారద్దాలు కదిలాయి.

ఆగస్టు ఆఖరి వారంలో మూడో టెస్టు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. నా సొంత టెస్టులు నాలుగింటికీ అంత భయపడలేదు. గంట తర్వాత కారు వచ్చి రెండు గీతల మధ్య సరిగ్గా ఆగింది. రెండోసారి ఫెయిల్ చేసిన ఆయనే దిగాడు. "దారిలో మూడుచోట్ల రోడ్డుపని. కనబడిన ప్రతివాడికీ నమస్కారం పెట్టింది" అన్నాడు. "అదేమైనా తప్పా?" అన్నాను, తగవుకి సిద్ధమై. "కాదు, పాసయింది" అన్నాడు.

ఇంటికి వెళ్లే ముందు

అరవడాలూ కౌగిలించుకోవడాలూ అయ్యాక ఇద్దరం కారెక్కాం. తను కుడివైపు స్టీరింగు ముందు, నేను ఎడమవైపు నా రెండో బ్రేకు దగ్గర. ముందు మేనేజరమ్మకి ఫోన్ చేసింది. "సోమవారం రమ్మంది" అని కళ్లు తుడుచుకుంది. తాళం తిప్పబోయి ఆగింది.

"టీచర్, మొదటిరోజు నన్నొక ప్రశ్న అడిగారు. మళ్లీ అడగండి."

"వద్దులేమ్మా. ఆ ప్రశ్న నేనిక ఎవరినీ అడగను."

"నేను అడగమంటున్నాను కదా."

అడిగాను. ఎవరమ్మాయివి? ఏ పేట? మీ నాన్నగారేం చేసేవారు?

ఫాదుమో వెన్ను నిటారుగా పెట్టుకుంది. "ఫాదుమోని. ఉస్మాన్ కూతుర్ని. ఉస్మాన్, నూర్ కొడుకు. నూర్, హాజీ అలీ కొడుకు, హమర్‌వేన్‌లో మగ్గం నేసేవాడు. మాది హమర్‌వేన్, కంసాలి వీధి వెనక సందు. మా నాన్న టాక్సీ నడిపేవాడు. ఊరంతా ఆయన్ని దేరె అనేవారు."

పెట్టుకోబోతున్న సీటు బెల్టు వదిలేసి నేను ఆమెవైపు తిరిగాను.

"మా ఊళ్లో కార్లు రోడ్డుకి కుడిపక్క నడుస్తాయి టీచర్. స్టీరింగు ఎడమన ఉంటుంది. నేను ఇదిగో, ఈ పక్క కూర్చునేదాన్ని. మీరు కూర్చున్న చోట నాన్న. అడ్డంకి దగ్గర ఆపగానే చెప్పేవాడు, వాళ్ల మొహాలు చూడకు, నన్నే చూడు అని. ఆరోజు కూడా నన్నే చూడమన్నాడు. దింపేదాకా చూశాను."

రోడ్డు చూడు, నన్ను చూడకు అని ఆ పక్క సీట్లోంచి నేను ఎన్నిసార్లు అరిచానో లెక్కలేదు. ఏడ్చాను. ఫాదుమో గ్లవ్ బాక్సు తీసి టిష్యూలు నాకిచ్చింది, ఇన్‌స్ట్రక్టరు తనే అయినట్టు.

"మీరెవరి కూతురు టీచర్?" అని అడిగింది.

"కాత్యాయనిని. ఒంగోలు పోస్ట్‌మాన్ కోటయ్య కూతుర్ని" అన్నాను. అంతే చెప్పాను. ఇంకేమీ అడగలేదు తను.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలూ, నా మాట ఒకటి గుర్తుపెట్టుకోండి. మొదటిరోజు వాతావరణం గురించి మాట్లాడండి, ఈ ఊళ్లో దానికి కరువు లేదు. ఎవరు, ఎవరివాళ్లు అన్నది వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగండి. బ్రేకు దగ్గర ఒకటి లెక్కపెడితే చాలు. దీని దగ్గర ఎంతదాకా అవసరమైతే అంతదాకా లెక్కపెట్టండి.

ఆరోజు ఇంటికి తనే నడిపింది. రిక్కార్టన్ మలుపు దాటగానే వరసగా కోన్స్ వచ్చాయి. పలక మీద వెళ్లు అని ఉంది. ఫాదుమో వేలెత్తింది, ఎక్కడా ఆపకుండా వాటి మధ్యలోంచి తీసుకెళ్లింది. అవన్నీ వెనక్కి వెళ్లిపోయాక, ఒక్కసారి తల తిప్పి ఎడమవైపు సీటుకేసి చూసింది.

రోడ్డు చూడమని నేను అనలేదు.